గుడ్డ ఈ పొద్దు వద్దులే

గుడ్డ ఈ పొద్దు వద్దులే, అన్నాడు. అంతే, ఫోను పెట్టేసినాడు. వాల్వు మర్చిపోయినాను రేణూ, కిటికీ కింద ఉండాది, బస్సెక్కి బిరీన తెచ్చెయ్ అన్నప్పుడు గొంతులో ఉన్న తొందర, గుడ్డ కూడా తెచ్చేదా అని నేనడిగేసరికి లేదు. చారులో ఉప్పు చాల్లే అన్నంత నిదానంగా అన్నాడు. హోసూరు బస్టాండులో కృష్ణగిరి బస్సెక్కి కిటికీ పక్కన కూర్చొన్నాను, ఒళ్ళో పాప, పాప కింద సంచి, సంచిలో వాల్వు. చెంబంత లావు ఉండాది, ఇత్తడి గదా, తొడ మీద రాయి పెట్టినట్టు ఒత్తుకుంటా ఉండాది. సంచి అడుగున గుడ్డ కూడా ఉండాది. వద్దంటే వదిలేసి వస్తానా. తలుపు వెనక మేకుకు వేలాడతా ఉండింది, పొద్దున ఆయన చొక్కా తీసుకొనింది ఆ మేకు నుంచే గదా, గుడ్డ కండ్లబడలేదా, కండ్లబడినా వదిలేసినాడా. బస్సు కదిలి రోడ్డెక్కినా నా మనసు ఇంకా ఆ మేకు తావే నిలబడి ఉండాది.

మా ఆయన పురుషోత్తం ఏం పని చేస్తాడని ఎవురైనా అడిగితే మా అమ్మ అండాలు బాగుచేస్తాడు అంటుంది, వాళ్ళు సొట్టలు తీసే పని అనుకొంటారు. అది కాదు. ఫ్యాక్టరీ క్యాంటీన్లలో, హాస్టళ్ళలో ఉంటాయే, మనిషి దిగి కూర్చొంటే మునిగిపోయేంత స్టీలు అండాలు, కింద మంట ఉండదు, రెండు పొరల నడమ ఆవిరి తిరుగుతుంది, అన్నమూ సాంబారూ దాంతోనే ఉడుకుతాయి, స్టీమ్ కెటిల్ అంటారు వాటిని. ఆవిరి ఎంత కాగల్ల, ఎంత ఒత్తిడి దాకా పోవల్ల, యాడ ఆగల్ల అని చూసుకొనే సామాన్లు వాటికి వేరే ఉంటాయి, అవి చెడితే ఈయన పోతాడు. పోయి ముందు గోడ పక్కన ఆవిరి గొట్టానికుండే చక్రం తిప్పి మూసేస్తాడు, తర్వాతే అండా తావకు వస్తాడు. మా పెండ్లయిన కొత్తలో ఒక క్యాంటీనులో అట్లే చక్రం మూసి, అండాకుండే సేఫ్టీ వాల్వు విప్పి, ఆ బిలంలో చెయ్యి పెట్టి మరలు తోముతా ఉంటే, అన్నానికి ఆలస్యమవుతా ఉండాదని వంటామె ఒకామె వచ్చి చక్రం తెరిచేసింది. కంపెనీ వాళ్ళిచ్చిన అట్టముక్క దానికి తగిలించే ఉండాది, పని జరుగుతోంది తెరవరాదు అని మూడు భాషల్లో. ఆమెకు ఒక్క భాషా చదవను రాదు. మోచెయ్యి దాకా తోలు ఉల్లిపొర మాదిరి లేచిపోయింది. అరిటాకు పరిచి దాని మీద చెయ్యి పెట్టించి రేయింబగలు విసురుతా కూర్చొన్నాను, అప్పుడు నాకు నెల తప్పి ఉండాది, ఇంకా ఎవురికీ చెప్పలేదు కూడా.

గుడ్డ మాట చెప్పింది నేనే. అది ఆయనకు గుర్తుండాదో లేదో. మాది కల్లావి పక్క ఊరు, గొర్రెల ఇల్లు. కోతలయినాక అందురి మందలూ ఒకే చేన్లో దిగుతాయి, కలిసిపోతాయి, అందుకని మా అమ్మ తన పాత చీర చింపి మా గొర్రెల మెడకు ఎర్రగుడ్డ కట్టేది. పసుపుపచ్చ గుడ్డయితే కేశవప్ప వాళ్ళవి, నల్లదయితే మా చిన్నాయన వాళ్ళవి. చదువొచ్చినోడికీ రానోడికీ గుడ్డ చూస్తే ఎవురిదో తెలుస్తుంది, ఇంకొకరి గుడ్డ ఉన్న దాన్ని ముట్టరు. అట్టముక్క కాదప్పా, గుడ్డ కట్టు అన్నాను, నా ఎర్రచీర అంచు చింపి పసుపు నీళ్ళలో ముంచి ఆరేసి ఇచ్చినాను. ఆయన నవ్వినాడు. నవ్వినా తీసుకోని పోయినాడు. చక్రానికి కట్టినాడు. వంటోళ్ళు చూసి ఇదేందో ముడుపు మాదిరి ఉండాది, మొక్కుకోని కట్టినారేమో అని దూరం జరిగిపోయినారంట. అప్పట్నుంచి యాడికి పోయినా అదే. వంటింటోళ్ళకంతా చెప్పి పెట్టినాడు, చెయ్యి లోపల పెట్టేవాళ్ళ గుడ్డ కట్టి ఉంటాది, కట్టినోళ్ళే విప్పల్ల, అంతదాకా చక్రం తాకేది లేదు అని. హోసూరులో, శూలగిరిలో, కృష్ణగిరిలో, నేను మొగం చూడని వంటిండ్లలో నా చీర ముక్క ఒకటి మా ఆయన చేతికి కావలి కాసింది. బిడ్డను చంకనేసుకోని ఇంట్లో పప్పు రుబ్బుతా ఉన్నా, ఇప్పుడు కట్టి ఉంటాడు, ఇప్పుడు విప్పి ఉంటాడు అని అనుకొనేదాన్ని. ఆ అనుకోవడమే నాకు ఉద్యోగం. ఈ పొద్దు వద్దులే అన్నాడు.

ఎందుకు వద్దో తెలిసింది. బస్టాండులో నిలబడి ఫోను తీస్తే సుధామణి స్టేటస్ పెట్టి ఉండాది. చక్రం ఫోటో. చక్రానికి నెమలిరంగు చున్నీ, అంచుకు అద్దాలు, ముడి నిండుగా, పూలమాల మాదిరి. కింద రెండు చేతులు జోడించిన బొమ్మ. ఆ చున్నీ నాకు తెలుసు, మా ఇంటికి వచ్చినప్పుడు వేసుకోనుండాది, పాప ఆ అద్దాలు పట్టుకోని లాగితే నవ్వింది.

సుధామణి పాలిటెక్నిక్ చదివింది. బాగలూరులో వాళ్ళ నాయనకు గులాబీ తోటలు. మా ఆయన పనిచేసే చోట ఓనరు గురుమూర్తి ఈ పిల్లకు పని నేర్పించు పురుషోత్తం అని ఉగాది ముందు అప్పగించినాడు. మొదటిరోజే స్కూటీలో మా ఇంటికి వచ్చింది, పేపర్లో చుట్టిన గులాబీలు తెచ్చింది, అక్కా అనింది. మంచిపిల్ల. మంచిపిల్ల అయినందుకే నాకు నిద్ర పట్టదు. చెడ్డపిల్ల అయితే తిట్టుకోని పడుకోవచ్చు. మా ఆయన్ని అన్నా అంటుంది, అన్నా ఈ గేజు చూడన్నా, అన్నా ఈ స్ప్రింగు చూడన్నా. అన్నా అంటే అయిపోయిందా? మా పక్కింటి దుర్గాదేవి కూడా వాళ్ళాయన్ని ఫ్యాక్టరీలో రెండేండ్లు అన్నా అనే పిలిచిందంట, ఆ మాట తానే చెప్పి పగలబడి నవ్వుతుంది, నేనూ నవ్వినాను, నవ్వి ఇంట్లోకొచ్చి గిన్నెలు టపటపా పడేసినాను.

శూలగిరి దాటింది బస్సు. ఎండ కిటికీలో నుంచి పాప మొగం మీద పడతా ఉంటే కొంగు అడ్డం పెట్టినాను. కొండలు ఒకదాని వెనక ఒకటి పోతా ఉండాయి. పాప నుదురు వెచ్చగా ఉండాది. జ్వరమా, ఎండా? పోయిన వారం వచ్చిన జ్వరం పూర్తిగా పోయిందో లేదో, మెడ కింద చెయ్యి పెట్టి చూసినాను, కడుపు మీద పెట్టి చూసినాను, నా చెయ్యే వేడిగా ఉంటే నాకెట్ల తెలుస్తుంది. ఇంట్లో థర్మామీటరు ఉండాది, నొక్కితే కీచుమని నంబరు చూపించేది, అది కూడా సుధామణి ఇచ్చిందే, బిడ్డ ఉండే ఇంట్లో ఉండల్లక్కా అని. మా ఆయన అండాల వేడి చూసే మనిషి, బిడ్డ వేడి చూసే సామాను ఇంకొకామె తెచ్చిచ్చింది. పక్కన కూర్చొన్న ముసలామె, ఒళ్ళో ఖాళీ పూలగంప, పాప కాలు తాకి చూసింది. "ఒళ్ళు కాల్తా ఉండాదే తల్లీ." "ఎండవ్వా, కిటికీ పక్క." ముసలామె నా చెయ్యి పట్టుకోని చూసింది. "బిడ్డకేం లేదు. నీ ఒళ్ళు కాల్తా ఉండాది, అది బిడ్డకు తగుల్తా ఉండాది. ఇట్లియ్యి రవ్వంతసేపు." ఇచ్చినాను. పాప ఆమె గంపలో వాడిపోయిన చామంతి రేకొకటి వెదికి పట్టుకొనింది. నా ఒళ్ళో ఇంక వాల్వు ఒక్కటే మిగిలింది.

ఇంతకుముందు ఆయన అన్నం తినేటప్పుడు చెప్పేవాడు. అన్నీ చెప్పేవాడు. రాగిముద్ద నడమ వేలితో గుంత చేసి ఇదిగో ఇది ఒత్తిడి చూపించే గేజు అనుకో అనేవాడు, కరివేపాకు ఈనె తీసి ముల్లు మాదిరి పెట్టేవాడు. ముల్లు సున్నా చూపిస్తా ఉండాదని నమ్మగూడదు రేణూ, ఒక్కోసారి ఇరుక్కోని ఉంటాది, లోపల ఆవిరి నిండా ఉన్నా సున్నా అంటాది, కింద కుళాయి మాదిరి కాక్ ఉంటాది, అది తెరిచి చూడల్ల, బుస్సుమనకపోతే అప్పుడు నమ్మల్ల. పులుసు ఆరిపోయేది. నేను తొమ్మిదిలో బడి మానేసినదాన్ని, మా నాయన నంజప్పకు నడుము పట్టేస్తే మంద వెనక పోవల్సి వచ్చింది, మళ్ళీ ఎవురూ నాకు ఏ పాఠమూ చెప్పలేదు, ఈయన ముద్ద మీద చెప్పినాడు. ఆ వినడానికే నేను ఆకలి ఆపుకోని ఆయనతో పాటు తినేదాన్ని. వాల్వు మరలకు తెల్ల టేపు చుట్టే పని కూడా నాకే నేర్పించినాడు, మర తిరిగే పక్కకే చుట్టల్ల, ఎదురు చుట్టితే బిగించేటప్పుడు ఊడొచ్చేస్తాది, ఇప్పుడు ఈ సంచిలో ఉన్నదానికి చుట్టింది కూడా నేనే, నిన్న సాయంత్రం, పాపను కాళ్ళ మీద పడుకోబెట్టుకోని. సుధామణి వచ్చినాక ఇంటికొచ్చి గమ్మున తింటాడు. ఈ పొద్దు ఏం చేసినారప్పా అంటే మామూలే అంటాడు. చెప్పేదంతా ఆడ చెప్పేసి వస్తాడు, నాకు తెచ్చేది ఆకలి ఒక్కటే. ఆమె వినింటాది, నాకంటే బిరీన అర్థం చేసుకోనింటాది, కరివేపాకు ఈనెలు అవసరం లేకుండా. వాళ్ళిద్దరూ కలిసి నవ్వుకొంటే ఓర్చుకొంటానేమో, బండి మీద కలిసిపోయినా ఓర్చుకొంటానేమో, ఆ ముల్లు మాట ఆమెకు చెప్పినాడంటేనే కడుపులో ఎవురో చక్రం తెరిచినట్టుంటాది. ఆయన మొగం చూస్తే సున్నా. కోపం లేదు, దాపరికం లేదు, పాపను ఎత్తుకొంటాడు, పడుకొంటాడు. నేను యాడ కాక్ తెరిచి చూసేది.

చున్నీ ఎట్లిచ్చి ఉంటాది. మెడలో నుంచి తీసి ఇచ్చిందా, ఆయనే అడిగినాడా, నీ చున్నీ ఇట్లియ్యి సుధామణీ అని. అందురి ముందరా. వంటోళ్ళు ఏమనుకోనింటారు, ఇదేం కొత్త గుడ్డ అని అడిగింటారా, ఎర్రగుడ్డ ఏమాయె అని ఒక్కరన్నా అడిగింటారా. మంద కలిసిపోయిన చేన్లో మా గొర్రె మెడకు ఇంకొకరి గుడ్డ కనిపిస్తే మా అమ్మ మునిలక్ష్మమ్మ ఊరుకొనేదా, ఆమె నోరు లేస్తే చేను చేనంతా వినల్ల. నాకు ఆ నోరు రాలేదు. సంచిలో చెయ్యి పెట్టి గుడ్డ తాకినాను. ఉతికి ఉతికి మెత్తగా అయిపోయింది, బిడ్డ లంగోటీ మాదిరి. దానికి అద్దాలు లేవు. కురుబరపల్లి వచ్చింది, మామిడి తోటలు మొదలైనాయి, పాప ముసలామె భుజం మీద నిద్రపోయింది, నేనుంటే నిద్రపోదు.

కృష్ణగిరిలో పాపను తీసుకోని దిగినాను. హాస్టలు రోడ్డు మీదే, గేటు తావ వాచ్‌మన్‌కు స్టీమ్ పని చేసే పురుషోత్తం ఇంటిదాన్ని అని చెప్తే వెనకపక్క చూపించినాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరిగి పళ్ళాల్లో పోసిపెట్టి ఆడోళ్ళంతా బయట మెట్ల మీద కూర్చోనుండారు, ఆవిరి లేక పని ఆగిపోయుండాది. లోపల అండాలు వరసగా, పట్టపగలు దీపాల మాదిరి మెరుస్తా ఉండాయి. ఆ చివరి అండా అవతల మా ఆయన వీపు కనిపించింది, వొంగి ఉండాడు, మిగతాది అండా మరుగు. తలుపు పక్కనే గోడకు చక్రం ఉండాది. చక్రానికి చున్నీ. ఫోటోలో కంటే బాగుండాది. పాపను చంక మార్చుకోని దగ్గరికి పోయినాను, నా చెయ్యి దానంతట అది పోయి ముడి మీద పడింది. విప్పి నాది కట్టేస్తాను, ఎంతసేపు, చిటికెలో పని, ఆయన తిరిగి చూసేసరికి ఎర్రగుడ్డ ఉండల్ల, అంతే, నోరెత్తకుండా చెప్పినట్టు ఉంటాది. మొదటి ముడి గట్టిగా వేసింది, పని తెలిసిన ముడి, గోరు పెట్టి లాగితే వచ్చింది. రెండోది వదులుగానే ఉండాది. అద్దం ఒకటి నా వేలికి గుచ్చుకొనింది.

"ఏమ్మా రేణమ్మా, అయిపోయిందా?" హెడ్డు వంటాయన అశ్వత్థప్ప, ముందొకసారి ఇంటికొచ్చి మా ఆయన్ని పిలుచుకోని పోయినాడు, నన్ను ఎరిగినోడే. ముడి విప్పతా ఉన్నది పురుషోత్తం పెండ్లామే అయినాక ఇంక అడిగేదేముంది, నా పక్కనుంచి చెయ్యి చాపి చక్రం పట్టుకోనే పట్టుకొన్నాడు. "దేవుడే పంపించినాడు నిన్ను. పిల్లోళ్ళు వచ్చేస్తారు, సాంబారు ఇంకా పచ్చిగా ఉండాది."

అప్పుడే అండా అవతల నుంచి మా ఆయన గొంతు వినిపించింది. మెల్లగా, ముద్ద మీద ఈనె పెట్టేటప్పటి గొంతు. "ఇంకా లోపలికి పో సుధా. మోచెయ్యి దాకా. మర చివర పగుల్లేమన్నా తగుల్తా ఉందా?"

సుధా అన్నాడు. సుధామణి కూడా కాదు. ఆ మాట నా చెవిలో పడి కిందికి దిగేదాకా నేను ఏమీ అనలేదు, అశ్వత్థప్ప వేళ్ళు చక్రం మీద బిగుసుకొన్నాయి, నేను చూస్తా ఉండాను. తర్వాత, లోపలికి పో, మోచెయ్యి దాకా, అవి వినిపించినాయి. లోపలున్నది ఆయన చెయ్యి కాదు. చెయ్యి పెట్టేవాళ్ళ గుడ్డ. అందుకే వద్దులే. అరిటాకు మీద పరిచిన చెయ్యి, ఉల్లిపొర, ఆ వాసన.

"తెరవద్దు!" ఆ నోరు మా అమ్మది. పాప ఉలిక్కిపడి ఏడిచింది. అశ్వత్థప్ప చెయ్యి ఎగిరి వెనక్కి పోయింది. పాపను చంకన అదిమిపెట్టుకొనే ఆ చేత్తో చక్రాన్ని పట్టుకొన్నాను, అది ఇంకా వెచ్చగానే ఉండాది, పట్టుకొనే నోటితోనూ వేళ్ళతోనూ ఆ చున్నీ ముడి మళ్ళీ బిగించినాను, ఆమె వేసినట్టే, గట్టిగా. "చెయ్యి లోపల ఉండాది అశ్వత్థప్పా. ముడి నేను కట్టింది కాదు. నేను విప్పగూడదు."

"మరి విప్పతా ఉంటివే అమ్మా," అన్నాడు ముసలాయన, మొగం సున్నం మాదిరి తెల్లబడిపోయి. మా ఆయన అండా మరుగు నుంచి లేచి నిలబడి చూసినాడు, చేతిలో టార్చి. నన్ను చూసినాడు, చున్నీని చూసినాడు, నా చెయ్యి యాడుందో చూసినాడు. టార్చి మళ్ళీ బిలం మీదికి తిప్పి, "నిదానంగా తియ్యి, తొందరేం లేదు" అన్నాడు, నాతోనా ఆమెతోనా. సుధామణి చెయ్యి బయటికి వచ్చేదాకా నేను ఆ చక్రం వదల్లేదు. వచ్చింది. సన్నని చెయ్యి, మసి, మోచెయ్యి తావ గీసుకోని ఎర్రగా. ఎంత లోపలికి పోనిచ్చినాడు. నన్ను ఎప్పుడన్నా ఒక్కసారి పెట్టి చూడు అన్నాడా. బిడ్డతల్లికి భయమని ఆయనే అనుకోనింటాడు, నన్నడిగితే గదా తెలిసేది. మంట ఆరలేదు, దాని నోరు మాత్రం ఆమె మీద నుంచి ఆయన పక్కకు తిరిగింది.

"అక్కా, వచ్చినావా!" ఆమె చెమటతో నవ్వింది. "ఫస్ట్ టైమక్కా, అన్న టార్చి పట్టుకోని నన్ను పెట్టనిచ్చినాడు. నా గుడ్డే కట్టల్లంట, అదే రూలంట." చక్రం తావకొచ్చి తన ముడి తానే విప్పుకొనింది, ముడి మారిన సంగతి తెలుసుకొనిందో లేదో, చున్నీ దులిపి భుజాన వేసుకొనింది. "పాపను ఇటియ్యక్కా." ఇయ్యలేదు. బిడ్డను దాని నాయనకే ఇచ్చినాను. ఆయన చేతిలో టార్చి తీసి సుధామణి చేతిలో పెట్టినాను.

సంచిలో నుంచి వాల్వు తీసినాను, నా టేపు చుట్టినట్టే ఉండాది. దాని కింద నుంచి గుడ్డ తీసినాను. మా ఆయన పాపను ఎత్తుకోని నిలబడి, "నేనెక్కిస్తాలే రేణూ, కాలుతాది" అన్నాడు. చక్రానికి ఎర్రగుడ్డ కట్టినాను, లాగి చూసినాను, మళ్ళీ లాగి చూసినాను. అండా తావకు పోయి కింద కాక్ తెరిచి చూసినాను, బుస్సుమనలేదు.

"అశ్వత్థప్పా," అన్నాను, "చెయ్యి పెట్టేది నేను. ఈసారి నేనొచ్చి విప్పేదాకా ఎవురు చెప్పినా తెరవద్దు. ఆయన చెప్పినా."

వొంగినాను. బిలం నోరు నా మొగానికి ఎదురుగా, చీకటిగా, వెచ్చగా ఉండాది. "సుధా," అన్నాను, "లైటు ఇటు పట్టు."